నూట ముప్పై ఆరు పేజీల్లో ఎన్ని కన్నీళ్లు?

2011 వానాకాలం. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు నుంచి అశోక్ నగర్ వైపు తిరిగే ఒక గల్లీలో, మెట్ల కింద నా డీటీపీ సెంటర్ ఉండేది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, ఒక జిరాక్స్ మెషీన్. పొద్దున పూట హాస్టళ్లలో ఉండి గ్రూప్స్‌కు చదివే పిల్లలు నోట్సు జిరాక్స్ కోసం వచ్చేవారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక రచయితలు వచ్చేవారు. నల్లకుంట, నారాయణగూడ, దోమలగూడల్లో ఉద్యోగ విరమణ చేసినవాళ్లలో ఇంతమంది కథలు రాస్తారని ఈ పనిలోకి వచ్చేదాకా నాకు తెలియదు.

టైపింగ్ సుజాత చూసుకునేది. నాది కాస్టాఫ్. అంటే చేతిరాత ప్రతిని చూసి, అచ్చులో అది ఎన్ని పేజీలవుతుందో ముందే చెప్పడం. పది పేజీలు తీసుకుని, పేజీకి ఎన్ని లైన్లు, లైనుకు ఎన్ని అక్షరాలు లెక్కపెట్టి, సగటు కట్టి, అచ్చు సైజుకు మార్చాలి. ఇది నాకు ఎవరూ నేర్పలేదు. ఇంటర్ లెక్కల్లో రెండుసార్లు తప్పినవాడిని. కానీ రచయితల చేతిరాతలే నాకు లెక్క నేర్పాయి. నూట యాభై పేజీల పుస్తకానికి నా అంచనా రెండు పేజీలకు మించి తప్పిందంటే ఆ రోజు నాకు అన్నం సరిగ్గా దిగేది కాదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ప్రెస్సులో పెద్ద కాగితం మీద ఇటు ఎనిమిది, అటు ఎనిమిది పేజీలు అచ్చవుతాయి. మడిస్తే పదహారు. దాన్ని ఫారం అంటాం. పుస్తకం ఎప్పుడూ ఫారాల లెక్కనే ముగియాలి. రచన ఫారం మధ్యలో అయిపోతే చివర్న ఖాళీ పేజీలు మిగులుతాయి. ఖాళీ పేజీ అంటే నాకు అప్పట్లో సగం తిని వదిలేసిన విస్తరిలా కనబడేది.

ఆ ఏడు సులోచన గారు తన మొదటి కథల సంపుటి తెచ్చారు. నల్లకుంట ఆవిడ. టెలిఫోన్ ఎక్స్చేంజిలో ముప్పై ఏళ్లు ఊరి నుంచి ఊరికి ట్రంకు కాల్స్ కలిపి రిటైరయ్యారు. గుండ్రటి అక్షరాలు, కొట్టివేతలు లేవు. నా కాస్టాఫ్ ప్రకారం ముందుమాటలూ అవీ ఎనిమిది పేజీలు, కథలు నూట ఇరవై ఏడు, మొత్తం నూట ముప్పై అయిదు. ఎనిమిది ఫారాలు దాటింది, తొమ్మిదో ఫారంలో తొమ్మిది పేజీలు మిగిలాయి.

"మేడం, తొమ్మిది పేజీలు ఖాళీ పోతున్నయి. ఇంకో కథ ఉంటే ఇయ్యిండ్రి. ఫారం నిండుతది" అన్నాను.

"నిండకపోతే ఏమయితది?"

"ఏం కాదు. చూడనీకి మంచిగుండదు."

నాలుగు రోజుల్లో కథ తెచ్చారు. కొలిచినట్టు తొమ్మిది పేజీలు. ఒక్క లైను ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఆ రోజు నేను చాలా సంతోషించాను. కథ ఎలా ఉందో చదవలేదు. నా పని కాదనుకున్నాను.

ఆవిష్కరణ సభ బాగ్ లింగంపల్లిలో ఒక చిన్న హాల్లో జరిగింది. నన్నూ పిలిచారు. నాలుగో వరుసలో కూర్చున్నాను. ఇలాంటి సభల్లో ఒక పద్ధతి ఉంటుంది. శాలువా కప్పుతారు, పుస్తకం రిబ్బను విప్పుతారు, వక్తలు రచయితను ఆకాశానికి ఎత్తుతారు, తర్వాత అందరూ కలిసి ఉప్మా తింటారు. రిటైర్డ్ లెక్చరర్ నరహరి గారికి ఆ పద్ధతి ఎవరూ చెప్పలేదనుకుంటాను. ఆయన పుస్తకం నిజంగా చదివి వచ్చారు.

"ఈ పుస్తకంలో పేజీకొకరు ఏడుస్తారు" అని మొదలుపెట్టారాయన. "చదువుతూ నేను కూడా రెండుసార్లు కర్చీఫ్ తీశాను. ఒకసారి చెమట తుడుచుకోవడానికి, ఒకసారి కళ్లద్దాలు తుడుచుకోవడానికి." హాలు గొల్లుమంది. "ఇక చివరి కథ. తొమ్మిది పేజీలు. ఏ పేజీ తీసినా తడే. ఇది ఎందుకు రాశారో నాకు ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు."

ఎందుకు రాశారో ఆ హాల్లో ఇద్దరికి తెలుసు. ఒకరు శాలువాతో వేదిక మీద తల వంచుకుని ఉన్నారు. రెండోవాడు నాలుగో వరుసలో కుర్చీ కిందికి జారుతున్నాడు.

నాలుగో రోజు సులోచన గారు సెంటర్‌కు వచ్చారు. కూర్చోలేదు.

"నా రెండో పుస్తకం ఎంతవరకు కొట్టిండ్రు?"

"అరవై నాలుగు పేజీలు, మేడం."

"తీసెయ్యిండ్రి."

"ప్రింటా?"

"ఏంది విఠల్ గారూ, పరాచికాలా? ఫైలు తీసెయ్యమంటున్న. చేతిరాత నిన్ననే చింపేసిన. ఇగ రాయ."

సుజాత చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. చేతిరాత పోయిందంటే ఆ కథలకు మిగిలింది మా కంప్యూటర్లోని ఒక్క కాపీ. నా సెంటర్లో ఒక నియమం ఉంది. రచయిత రాసి సంతకం పెట్టిన కాగితం లేకుండా ఏ ఫైలూ తీసేయను. అంతకు ముందు ఒకాయన కోపంలో తీసేయించి, వారానికి వచ్చి బతిమాలాడు. అప్పటి నుంచి ఈ నియమం.

"కాగితం రాసియ్యిండ్రి" అన్నాను.

ఆమె కూర్చుని రాశారు. ఇలాంటి కాగితం రెండు లైన్లు ఉంటుంది. ఆమెది పేజీన్నర అయింది. నాలుగో వాక్యంలో ఆమె కళ్లు చెమర్చాయి. నా ఉద్దేశం, కాగితంలో. బయట ఆమె కళ్లు పొడిగానే ఉన్నాయి.

నాకు ఓదార్చడం రాదు. కథ బాగుందో లేదో చెప్పే చదువు లేదు. వచ్చిందల్లా ఒకటే.

"మేడం, నరహరి గారు పేజీకొకరు అన్నరు. అది లెక్క. లెక్కనయితే సరి చూడొచ్చు. చూసినంక తీసేద్దాం."

ఆమె కళ్లద్దాలు పైకి తోసుకున్నారు. "ఎన్నుంటయంటరు?"

"లెక్కపెట్టకుండ చెప్తే నాకూ ఆయనకూ ఫరకేముంటది?"

మర్నాడు బంద్. షట్టర్ సగం దించి ముగ్గురం కూర్చున్నాం. నా చేతిలో పుస్తకం, సుజాత దగ్గర స్క్రీన్, ఆమె దగ్గర పెన్సిల్. పద్ధతి సులువనుకున్నాను. పేజీలో ఎవరైనా ఏడిస్తే ఒక గీత. కానీ పన్నెండో పేజీలోనే గొడవ మొదలైంది.

"ఇది లెక్కల వెయ్యకుండ్రి. అది ఉల్లిగడ్డ కోస్తున్నది."

"కన్నీళ్లయితే వచ్చినయి కదా మేడం?"

"ఉల్లిగడ్డకు వస్తే నా తప్పా?"

ఉల్లిగడ్డ తీసేశాం. ముప్పై ఒకటో పేజీలో చంటిపిల్ల. "అది ఆకలి, ఏడుపు కాదు" అన్నారు. అదీ తీసేశాం. గొంతు పూడుకుపోవడం ఏడుపు కిందికి వస్తుందా రాదా అన్నదానికి పావుగంట పట్టింది. చివరికి గొంతు పూడుకుపోవడం రెండయితే ఒక ఏడుపు అని ఒప్పందానికి వచ్చాం. ఇంత ఉదారంగా నేను ఏ లెక్కా చేయలేదు.

"'కళ్లు చెమర్చాయి' దగ్గర నాకు వెతకాల్సిన పని లేదు సార్" అంది సుజాత. "దానికి కీ పెట్టుకున్న."

"ఏం కీ?" అన్నారు సులోచన గారు.

సుజాత నాలుక కరుచుకుంది. ఆపరేటర్లు మాటిమాటికీ వచ్చే పెద్ద మాటలకు ఒక మీట పెట్టుకుంటారు. అది నొక్కితే మొత్తం మాట పడుతుంది. మామూలుగా 'ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం' వంటి వాటికి పెడతారు.

"మీ పుస్తకంల చాన సార్లు వస్తున్నది మేడం. చేతులు నొప్పి పెట్టి..."

ఆమె పెన్సిల్ చెక్కుకున్నారు.

సాయంత్రానికి లెక్క తేలింది. కథల పేజీలు నూట ముప్పై ఆరు. ఏడుపు ఉన్నవి యాభై ఎనిమిది. రెండుసార్లు సరిచూశాను.

"చూసిండ్రా!" ఆమె లేచి నిలబడ్డారు. నాలుగు రోజుల తర్వాత ముఖంలోకి రంగు వచ్చింది. "నూట ముప్పై ఆరుల యాభై ఎనిమిది! పేజీకొకరట! సగం గూడ లేదు. అబద్ధం ఆడిండు పెద్దమనిషి. సుజాతా, రాయి. నరహరి గారికి జవాబు. ప్రింటు తీసి పోస్టు చేద్దాం."

ఆమె చెప్పారు, సుజాత కొట్టింది. ప్రింటు తీసి ఆమె చేతికిచ్చాను. మా అలవాటు ప్రకారం ప్రూఫ్ పైకి చదవాలి. ఆమె గంభీరంగా చదవడం మొదలుపెట్టారు.

"అయ్యా, మీ విమర్శ వాస్తవ విరుద్ధం. నా పుస్తకంలో పేజీకొకరు ఏడవరు. డెబ్భై ఎనిమిది పేజీల్లో ఎవ్వరూ ఏడవలేదు. మరి కొన్నిచోట్ల ఉల్లిగడ్డలు..."

ఆగారు. మళ్లీ ఆ లైను కళ్లతో చదువుకున్నారు. సుజాత స్క్రీన్ వెనక్కి వంగి దాక్కుంది. నేను జిరాక్స్ మెషీన్ మూత తెరిచి లోపల ఏదో వెతికాను.

"విఠల్ గారూ."

"మేడం."

"ఇది పంపితే నరహరి గారు ఏం చేస్తడు?"

"ఫ్రేము కట్టించుకుంటరేమో, మేడం."

మొదట ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమో, యాభై తొమ్మిదో గీత పెట్టాలేమో అనుకున్నాను. నవ్వుతున్నారు. స్టూలు మీద కూలబడి నవ్వారు. సుజాత కూడా మొదలుపెట్టింది. సగం దించిన షట్టర్ కిందినుంచి ఎవరో వంగి చూసి, "జిరాక్స్ ఉన్నదా అన్నా?" అని అడిగి, మా వాలకం చూసి వెళ్లిపోయారు.

నవ్వు తగ్గాక ఆమె నెమ్మదిగా అన్నారు. "నేను ముప్పై ఏండ్లు ట్రంకాల్ కలిపిన. ఆ దినాలల్ల ట్రంకాల్ అంటేనే ఎవరో పోయినట్టు. చెవుల నిండ ఏడుపే. మరి నేనేం రాయాలె?"

నేను ఒక ప్రశ్న వేశాను. "ఫోన్ కలవంగనే ఏడ్చేటోళ్లా మేడం?"

ఆమె ఆలోచించారు. "లేదు. వెంటనే ఏడ్వరు. 'తిన్నవా?' అనేటోళ్లు. 'చాయ్ తాగినవా, వాన పడుతున్నదా' అని అడిగేటోళ్లు. అసలు సంగతి చెప్పనీకి మనసొప్పక ఒక కాల్‌కిచ్చే మూడు నిమిషాలల్ల రెండు నిమిషాలు అట్లనే పోయేటివి." కళ్లద్దాలు తీసి, "అది నేను ఒక్క కథల గూడ రాయలే" అన్నారు.

ఇక దాచడం నా వల్ల కాలేదు. "ఇంకో లెక్క ఉన్నది మేడం. చివరి కథ తొమ్మిది పేజీల్లో తొమ్మిదీ తడే. అది తీసేస్తే నూట ఇరవై ఏడులో నలభై తొమ్మిదే. ఆ కథ రాయించింది నేను, ఫారం నింపనీకి. నరహరి గారు తిట్టాల్సింది నన్ను."

ఆమె నావైపు తిరిగారు. "నాలుగు దినాలు పరేషాన్ అయి రాసిన ఆ కథ. తొమ్మిది పేజీలకు సాగదీయనీకి ఎవరిని ఏడిపియ్యాల్నో తెల్వక, ఆఖర్కు ఇంటి ఓనర్‌ను గూడ ఏడిపించిన. నీ ఫారం పాడుగాను!" అంతవరకూ నన్ను 'మీరు' అన్న ఆవిడ ఆ ఒక్కసారే నువ్వు అన్నారు. నాకు అది శాలువా కప్పినట్టే అనిపించింది.

ఫైలు మాట ఇద్దరం ఎత్తలేదు. వెళ్లేముందు అరవై నాలుగు పేజీలకూ ప్రింటు తీయమన్నారు. నరహరి గారి కోసం రాసిన జవాబు వెనక వైపు తెల్లగా ఉందని దాని మీద ఏవో రాసుకుంటూ గల్లీలోకి నడిచారు. ఫైలు తీసేయమన్న కాగితం మాత్రం అడగలేదు. పేజీన్నర రచన, నా దగ్గరే ఉంది.

రెండో పుస్తకం 2013లో తయారైంది. కాస్టాఫ్ కట్టాను. అన్నీ కలిపి నూట ఇరవై రెండు. ఎనిమిది ఫారాలంటే నూట ఇరవై ఎనిమిది. నా నాలుక చివరి దాకా వచ్చిన మాటను ఆమే పట్టుకున్నారు.

"ఎన్ని ఖాళీ?"

"ఆరు."

"ఉండనీయిండ్రి."

ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ఎవరికీ ఖాళీ పేజీలు నింపమని చెప్పను. మిగిలిన పేజీలు ప్రెస్సు బాధ, రచయిత బాధ కాదు. తిట్టు తిని వచ్చిన రచయితలకు ఒక్కటే చెబుతాను. విమర్శకుడి అంకె తప్పు కావచ్చు, వేలు పెట్టిన చోటు తప్పు కాకపోవచ్చు. ముందు లెక్కపెట్టుకోండి. లెక్కపెట్టేటప్పుడు పక్కన ఇంకొకరు ఉంటే మంచిది, నవ్వడానికి.

రెండో పుస్తకం సభకూ అదే హాలు, అదే ఉప్మా వాసన. ఈసారి వక్తల జాబితాలో నరహరి గారి పేరు ఆమే వేయించారు. నేను మళ్లీ నాలుగో వరుస.

"పుస్తకం చివర ఆరు ఖాళీ పేజీలున్నాయి" అన్నారాయన. "మొదటి పుస్తకంలో లేని నిగ్రహం ఇది." నా పనికి దొరికిన సాహిత్య ప్రశంస ఇప్పటికీ ఆ ఒక్కటే. నేను కొంచెం నిటారుగా కూర్చునేలోపే ఆయన గొంతు సవరించుకున్నారు. "అయితే ఒక మాట అనక తప్పదు. ఈ పుస్తకంలో పేజీకొకరు టీ తాగుతారు!"

హాలు గొల్లుమంది. వేదిక మీద సులోచన గారు తల వంచుకోలేదు. నాలుగో వరుసలో నన్ను వెతికి పట్టుకుని, ఎన్ని అన్నట్టు చెయ్యి తిప్పారు.

ఆ లెక్క నేను ప్రెస్సుకు పంపేముందే చేసి పెట్టుకున్నాను. ముందు నాలుగు వేళ్లు చూపించాను, తర్వాత ఒకటి. నలభై ఒకటి. ఆమె తలూపి, ఒళ్లోని పుస్తకం చివర ఖాళీ పేజీ తెరిచి, ఆ అంకె అక్కడ రాసుకున్నారు.