కింది దారిన వచ్చిన పెళ్లివారు

పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర. ట్రక్కు ఆగిన చోట రోడ్డు అయిపోయింది. అక్కడి నుంచి కాలిబాటే. ఎత్తు పదకొండు వేల రెండు వందల అడుగులు. సెప్టెంబరు మొదటి వారం. నీడలో చలి, ఎండలో చర్మం మాడేంత వేడి. రెండు రాతి గదులు, ఒక బంకరు, ఒక వైర్‌లెస్ స్తంభం, నాలుగు కంచరగాడిదలు. లోయ అడుగున నది. అవతలి గట్టు మీద కోతకు వచ్చిన బార్లీ చేలు, పసుపుగా, మెట్లు మెట్లుగా.

ఎనభైల చివరి సంగతి ఇది. నేను సిగ్నల్స్‌లో నాయక్‌ని. వైర్‌లెస్ సెట్టు నా వీపు మీద ఉండేది. బిలాస్‌పూర్‌లో మనవాళ్లు సైన్యం అనగానే యుద్ధం గురించి అడుగుతారు. నేను యుద్ధం చూడలేదు. ఆ కొండల్లో ఆరు రోజులు నడిచాను. నా ఉద్యోగంలో చెప్పుకోదగ్గవి అవే.

ముందు నా గురించి కొంచెం చెప్పాలి. లేకపోతే జరిగింది అర్థం కాదు. మాది నాగావళి ఒడ్డున చిన్న జమీ. జమీలు పోయాక మా నాన్నగారు బిలాస్‌పూర్ లోకో షెడ్లో ఫైర్‌మన్‌గా చేరారు. రెండు గదుల క్వార్టర్లో పెరిగాను. డ్యూటీ దిగి ఒళ్లంతా బొగ్గు మసితో వచ్చినా నాన్నగారు వీపు గోడకు ఆనించి కూర్చునేవారు కాదు. ఇంట్లో ఒక నియమం ఉండేది. ఒంట్లో బాగాలేదని బయటివాళ్ల దగ్గర అనకూడదు. ఎవరికీ మన మీద జాలిపడే అవకాశం ఇవ్వకూడదు. మా అమ్మ నూటమూడు జ్వరంతో పక్కింటివాళ్లకు కాఫీ కలిపి ఇవ్వడం నేను చూశాను.

చేరిన పదకొండో రోజున ఆర్డరు వచ్చింది. మంచు పడేలోగా ఎగువ గ్రామాలన్నీ తిరిగి రావాలి. దారి, వంతెనలు చూడాలి. ఊళ్లలో మందులు పంచాలి. ఆరు రోజులు. నాలుగో రోజు రాత్రికి కనుమ కింద మకాం, ఐదో రోజు కనుమ దాటడం, అవతలి ఊరు చేరడం. మా దళానికి పెద్ద ఒక గఢ్వాలీ సుబేదార్. నర్సింగ్ అసిస్టెంటు ఒకడు, మనవాడే, పలాస వైపు వాడు. రెండు కంచరగాడిదలు, వాటిని తోలే జవాను. ముందు నడిచేది గైడు. ఆ అవతలి ఊరివాడే. యాభై దాటిన మనిషి. నడిస్తే రాయి కదిలేది కాదు.

బయలుదేరే ముందు గైడు సుబేదార్‌తో ఒక్క మాట చెప్పాడు. అందరి సంభాషణా హిందీలోనే, తెలుగులో రాస్తున్నాను.

"సాబ్, ఆరో రోజు మధ్యాహ్నం మా అమ్మాయిని చేసుకోబోయేవాళ్లు వస్తారు. ఒక్కతే కూతురు. తల్లి లేదు. గడప దాటేటప్పుడు నుదుట వెన్న పెట్టాల్సింది నేనే. నేను లేకపోతే మా తమ్ముడు పెడతాడు."

"ఐదో రోజు సాయంత్రానికే నీ ఇంట్లో ఉంటావు," అన్నాడు సుబేదార్.

మొదటి రోజు, 05:30కి బయలుదేరాం. నా వీపు మీద సెట్టు, బ్యాటరీ, పార్కా కోటు, మూడు రోజులకు సరిపడా శక్కర్‌పారా తీపి బిళ్లలు. పదకొండు గంటలకు మొదటి ఊరు. పది ఇళ్లు. మిద్దెల మీద ఆప్రికాట్లు ఎండబెట్టారు, దూరానికి ఊరంతా నారింజ రంగు దుప్పట్లు ఆరేసినట్టుంది. ఆడవాళ్లు కళ్లంలో పశువుల్ని తిప్పుతూ పాడుతున్నారు. మమ్మల్ని చూసి పాట ఆపలేదు, పాటలోకే మమ్మల్ని లాగేశారు. గైడు నవ్వాడు. ఏమన్నారని అడిగాను.

"బరువు మోసే పశువులు ఇంకో ఐదు వచ్చాయంటున్నారు."

రెండో ఊళ్లో ఒక ముసలమ్మ థర్మామీటరు నోట్లోంచి తియ్యనివ్వలేదు. అదే మందనుకుంది. ఐదు నిమిషాలయ్యాక తనే తీసి, చాలా నయంగా ఉందని చెప్పింది. నర్సింగ్ అసిస్టెంటు ఆమెకు దణ్ణం పెట్టాడు.

గైడు కూతురి పెళ్లి లోయ అంతటికీ తెలుసు. ప్రతి ఊరూ ఏదో ఒకటి ఇచ్చింది. ఎండు జున్ను, రాగి గరిటె, ఎర్ర గుడ్డలో కట్టిన ఉన్ని కంబళి. గాడిదలు తోలే జవాను గొణిగాడు. "సాబ్, మామూలుగా పెట్రోల్ సాగేకొద్దీ బరువు తగ్గుతుంది. ఇదేంటి పెరుగుతోంది?"

"సర్కారు బరువు తగ్గుతోంది. పెళ్లి బరువు పెరుగుతోంది. నడువు," అన్నాడు సుబేదార్.

రోజూ పొద్దున్నే ఒక తంతు ఉండేది. నర్సింగ్ అసిస్టెంటు ఒక్కొక్కరి ముందు నిలబడి అవే ప్రశ్నలు అడిగేవాడు. ఆ ఎత్తులో తలనొప్పి వచ్చినవాడు చెప్పి తీరాలి. చెప్పకుండా పైకెక్కితే ప్రాణం మీదికి వస్తుంది. అది ఆర్డరు. నా దగ్గరికొచ్చేసరికి తెలుగులో అడిగేవాడు.

"ఏటి దొరా, బుర్ర నొప్పి గానీ ఉందేటి?"

"లేదు."

"నిద్దర పట్టినాదా?"

"పట్టింది."

"ఏటో మరి. నీ మొకం చూస్తే పట్టినట్టు నేదు."

రెండో రోజు రాత్రి నుంచే నాకు తలనొప్పి. మూడో రోజు అన్నం వాసన పడలేదు. నాలుగో రోజు మకాం పద్నాలుగు వేల ఐదు వందల అడుగుల దగ్గర. ఎదురుగా కనుమ, తెల్లగా, ఒక పూట నడక. గైడు దాని వైపే చూస్తూ గరిటెతో టీ కలిపాడు. ఎంత సంతోషంగా ఉన్నాడంటే రెండుసార్లు చక్కెర వేశాడు. ఇప్పుడు చెబితే వెనక్కి తిప్పుతారు. కూతురి పెళ్లి ఆయనకు నా వల్ల తప్పిపోతుంది. అలా అనుకున్నాను. అది నిజమే కాని, మొదటి అబద్ధం ఆడినప్పుడు నాకు ఆయన కూతురు గుర్తు లేదు. అప్పుడు గుర్తున్నది మా ఇంటి నియమమే.

ఐదో రోజు, 05:15. కెటిల్ అందుకున్నాను. టీ మగ్గులో కాక పక్కన రాయి మీద పోశాను. పోసినట్టు కూడా తెలియలేదు. మగ్గు ఎత్తి తాగబోతే ఖాళీగా ఉంది.

గైడు చూశాడు. వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "ఎన్నాళ్ల నుంచి, ఫౌజీ?"

నేను ఖాళీ మగ్గు కింద పెట్టాను.

"మా ఊళ్లో గొర్రెకు ఒంట్లో బాగాలేకపోతే బాగున్నట్టు నడుస్తుంది. తోడేలు చూస్తోందని దాని భయం. ఇక్కడ తోడేలు ఎవరు?"

ఆయనే లేచి సుబేదార్ దగ్గరికి వెళ్లాడు. కూతురి పెళ్లి తనకు తప్పిపోయే కబురు తనే చేరవేశాడు.

నర్సింగ్ అసిస్టెంటు నేల మీద గీత గీసి నన్ను దాని మీద నడిపించాడు. నడవలేకపోయాను. "పైకెళ్లడం కుదరదు సాబ్, కిందికే," అని చెప్పి నా వైపు తిరిగాడు. "నాలుగు దినాలు అడిగినాను గదా! నోరు తెరిస్తే జమీ పోద్దేటి? అది ఎప్పుడో పోనాది గదా!"

వచ్చిన దారిన దిగి, నేను కోలుకున్నాక మళ్లీ ఎక్కితే మూడు రోజులు. దళాన్ని విడదీయకూడదు, సెట్టు ఒక్కటే ఉంది. సుబేదార్ మ్యాపు పరిచి దారుల వెంట వేలు జరిపాడు. అప్పుడు గైడు ఇంకో దారి చెప్పాడు. గొర్రెల దారి. మకాం నుంచి పక్కకు వెయ్యి ఎనిమిది వందల అడుగులు దిగితే కాపరుల గుడిసె. అక్కడ నాకు ఒక పగలంతా విశ్రాంతి. మర్నాడు నది దాటి ఒడ్డు వెంట ఐదారు గంటలు నడిస్తే ఊరికి కింది వైపు నుంచి చేరతాం. కాకపోతే పైన మంచు కరగక ముందే, తెల్లవారుతూనే నది దాటాలి. ఆలస్యమైతే నీళ్లు దాటనివ్వవు.

ఆర్డర్లో లేని దారి. పోస్టు అనుమతి కావాలి. అడగాల్సింది ఆపరేటరు. అంటే నేను.

06:00.

"దారి మార్చడానికి కారణం చెప్పు. ఓవర్."

"ఒక జవానుకు ఎత్తు పడలేదు. ఓవర్."

"ఎవరికి? ఓవర్."

స్విచ్ మీద వేలు ఉంచి ఆగాను. ముగ్గురు నన్నే చూస్తున్నారు. గైడు మాత్రం కనుమ వైపు చూస్తున్నాడు.

"ఆపరేటరుకు. నాకు. మూడు రోజులుగా ఉంది. నేను చెప్పలేదు. ఓవర్."

సెట్టు గరగరలాడింది.

"వెంటనే దిగండి. కింది దారికి అనుమతి. అవుట్."

సామాను సర్ది ఒక గాడిదను ఖాళీ చేశారు. నడుస్తానన్నాను. "నిన్ను అడగలేదు," అన్నాడు సుబేదార్. ఎక్కాను. ఎక్కాక వీపు నిటారుగా పెట్టాను. అది ఒక్కటే నా చేతిలో ఉంది.

గుడిసె దగ్గర పగలంతా పడుకున్నాను. సాయంత్రానికి తల తేలికైంది, ఆకలి వేసింది. నాలుగు రొట్టెలు తిన్నాను. గైడు ఐదోది విరిచి నా పళ్లెంలో పెట్టాడు.

ఆరో రోజు, 05:10కి నది. నీళ్లు తొడల దాకా. తాడు కట్టి గైడు ముందు దాటాడు. చివరి మనిషి ఒడ్డెక్కేసరికి 05:50. ఎండ ఎక్కేసరికి మేము నిలబడ్డ గట్టు రాళ్లు కూడా మునుగుతాయని గైడు వెనక్కి చూపించాడు. నేను బాగానే ఉన్నాను, నడుస్తానని మళ్లీ అడిగాను. సుబేదార్ తల అడ్డంగా ఊపాడు. ఆ తెల్లవారుజామున గుడిసె నుంచి బయలుదేరేటప్పుడే కాపరి భార్య మా అందరి మెడలో తలా ఒక తెల్లని కండువా వేసింది. పెళ్లికి వెళ్లేవాళ్లు ఉత్త మెడతో వెళ్లకూడదట.

11:20కి ఊరి మొదలు కనిపించింది. దారికి అడ్డంగా మూడు తెల్ల రాళ్లు. వాటి వెనక పాతిక మంది ఆడవాళ్లు, చేతుల్లో విల్లో కొమ్మలు, కూజాలు. మమ్మల్ని చూడగానే కేక వేసి పాట ఎత్తుకున్నారు.

గైడు ఆగిపోయాడు. ఒక్క క్షణం చూసి, మంకీ టోపీని గడ్డం దాకా లాగి, మంచులో పెట్టుకునే నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నాడు. భుజాలు నవ్వుతో కదులుతున్నాయి.

"సాబ్, పెళ్లికొడుకు వాళ్లు ఈ దారినే రావాలి. నేను పై నుంచి వస్తానని వీళ్ల లెక్క. మనల్నే పెళ్లివారు అనుకుంటున్నారు. పాటలో ప్రశ్న అడుగుతారు. జవాబు చెబితే ఒక రాయి తీస్తారు. నేనెవరో చెప్పకండి. ఆడపిల్ల తండ్రికి ఈ వైపున నిలబడే అదృష్టం ఎవరికి దొరుకుతుంది?"

సుబేదార్ మా వరసను చూశాడు. ఎర్ర గుడ్డల మూటలతో ఒక గాడిద. ఇంకో గాడిద మీద నేను, మెడలో తెల్ల కండువా, వీపు కర్రలా.

"నాయక్, వరుడివి నువ్వే. జవాబు చెప్పు. ఇది ఆర్డర్."

"ఏమడిగారు సాబ్?"

గైడు చెప్పాడు. "ఏ ఇంటివాడివి, ఎవరి మనవడివి?"

నాకు పాటలు రావు. ఒక్కటే వచ్చు. మా తాతగారు జమీ కచేరీలోకి వస్తుంటే ముందు నడిచే మనిషి చదివే బిరుదులు. ఆ ముసలాయన జమీ పోయాక కూడా నాకు నేర్పాడు. క్వార్టర్లో ఒకసారి చదివితే, ఇక ఈ గోడల మధ్య అవి వినిపించకూడదని నాన్నగారు అన్నారు. పాతికేళ్లుగా నా నోట రాలేదు. గొంతెత్తి చదివాను.

"నాగావళి తీరమేలిన వారు! ఏనుగు అంబారీ నెక్కిన వారు! అడిగిన చేతికి లేదన్నది ఎరుగని వారు! వారి మనుమలు వేంచేస్తున్నారు, బహుపరాక్!"

అక్కడ ఆ భాష తెలిసినవాడు ఒక్కడే. వాడు పొట్ట పట్టుకుని దారి మీద కూలబడ్డాడు.

"ఓరి నాయనో! ఏనుగు అంబారీ ఏటి దొరా, కంచరగాడిద మీద కూకోని!"

నాకూ నవ్వు వచ్చింది. ఆపుకోలేకపోయాను. గాడిద మెడ మీద వాలిపోయి నవ్వాను. ఆడవాళ్లకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా నచ్చింది. ఒక రాయి తీశారు.

రెండో ప్రశ్న, ఏం వెతుక్కుంటూ వచ్చారని. దీనికి గైడు ఆగలేకపోయాడు. తనే పాట అందుకున్నాడు. రెండో చరణం సగంలో ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక పెద్దావిడ ముందుకొచ్చి ఆయన టోపీ పీకేసింది. ఆయన అక్కగారట. తరవాత ఆ విల్లో కొమ్మలన్నీ ఆయన వీపు మీదే విరిగాయి. మిగిలిన రెండు రాళ్లూ ఎవరు తన్నేశారో తెలియదు.

12:00.

"ఊరు చేరాం. అందరూ క్షేమం. ఓవర్."

"అక్కడ ఆ గోలేంటి? ఓవర్."

"పెళ్లి. ఓవర్."

"ఎవరిది? ఓవర్."

"కాసేపు నాది. ఇప్పుడు కాదు. ఓవర్."

అసలు పెళ్లికొడుకు గంట తరవాత వచ్చాడు. బిడియస్తుడు. నా అంత నిటారుగా కూర్చోలేకపోయాడని అక్కగారు అందరి ముందూ అంది. సాయంత్రం గడప దగ్గర గైడు కూతురి నుదుట వెన్న పెట్టాడు.

ఆ చలికాలం సెలవులో బిలాస్‌పూర్ వచ్చాను. స్టేషన్ నుంచి క్వార్టర్‌కు నడిచే వెళ్లాను. నాన్నగారు వరండాలో ఉన్నారు.

"ఏటి, ఒళ్లు బాగున్నాదా?"

"ఇప్పుడు బాగుంది నాన్నగారూ. అక్కడ జబ్బు పడ్డాను."

ఆయన నన్ను తేరిపార చూశారు. "ఎవరికైనా చెప్పినావా?"

"వైర్‌లెస్‌లో చెప్పాను."

"వైర్‌లెస్‌లోనా! అచ్ఛా, అయితే ఢిల్లీ దాకా తెలిసిపోనాదన్నమాట." ఆయన అంత గట్టిగా నవ్వగా నేనెప్పుడూ వినలేదు. లోపల్నుంచి అమ్మ వచ్చి ఏమిటని అడిగింది. కాసేపటికి ఆయనే చెప్పారు, ఒకసారి ఇంజన్లో బొగ్గు వేస్తూ తెలివి తప్పి పడిపోయిన సంగతి. అమ్మకు కూడా అంతవరకు తెలియదు.

ఇప్పుడు బిలాస్‌పూర్‌లోనే, రాజ్‌కిశోర్ నగర్‌లో ఉంటున్నాను. ఆ దారుల పేర్లు కొన్ని మరిచిపోయాను. కాని ఒకటి పోదు. అక్కగారు టోపీ పీకిన క్షణంలో నేను గాడిద మీద ఉన్నాను కాబట్టి అందరికంటే ఎత్తులో ఉన్నాను. పక్కనే ఉన్న గైడు ఇంటి మిద్దె మీదికి నాకే కనిపించింది. పెళ్లికూతురికి జడలు వేస్తున్నారు. తలకు ఒక పక్క సన్నటి జడలు ఇరవైకి పైనే, నీలి పూసలతో. ఇంకో పక్క ఏమీ లేదు, జుట్టంతా విరబోసి నడుము దాకా. తండ్రి గొంతు విని, అల్లేవాళ్ల చేతుల్లోంచి లాక్కుని, ఆమె అలాగే మిద్దె అంచుకు పరుగెత్తుకొచ్చింది. సగం తల గాలికి ఎగురుతోంది. సగం తల పూసలు మోగుతున్నాయి.