కల్లు మానిన మా మేనత్త

మా మేనత్త పోయిందన్న కబురు నాకు బడిలో పాఠం చెబుతుండగా అందింది. ఫోన్ చేసింది నా తమ్ముడు. "అక్కా, అత్త లేస్తలేదు. జర తొందరగ రా," అన్నాడు. నిజం చెప్పాలి కదా, నాకు మొదట ఏడుపు రాలేదు. ఇక వీడేమైపోతాడోనన్న భయమే ముందొచ్చింది. ఆటోలో కూర్చున్నానన్న మాటే గానీ, జహీరాబాద్ బస్టాండు దాటేదాకా వాడికి ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఎక్కడున్నావని అడిగినప్పుడల్లా అత్త దగ్గరే ఉన్నానన్నాడు. అయినా నమ్మకం కుదరలేదు. ఈ నాలుగు ముక్కలు రాస్తూ కూడా ఇందాకే లేచి, వాడు దుకాణం తెరిచాడో లేదో కనుక్కుని వచ్చాను.

దుకాణం అంటే మేనత్త జొన్నరొట్టెలు చేసి అమ్మే రేకుల షెడ్డు. ఆమె మా నాయనకు అక్క. పిల్లలు లేరు, మామ ఎప్పుడో పోయాడు. వాళ్లు పుట్టింది న్యాల్‌కల్ అవతల, కర్ణాటక సరిహద్దు పల్లెలో. అందుకని కోపమొస్తే సగం కన్నడంలో తిట్టేది. అర్థం కాకపోవడం వల్ల మాకు అవి మరీ గట్టిగా తగిలేవి. ఎవరైనా రొట్టె కోసం తొందరపెడితే "కాలనియ్యి జర," అనేది. తహసీల్దారు ఆఫీసు వాళ్లొచ్చినా అదే మాట. పచ్చి రొట్టె అమ్మితే తనకు నిద్రపట్టదట.

సాయంత్రమైతే చేతులు కడుక్కుని కల్లు డిపోకు పోయేది. మా దగ్గర ఆడవాళ్లు కల్లు తాగడం వింతేమీ కాదు. చుట్టుపక్కల ఆడవాళ్లతో కూర్చుని ఒక సీసా తాగి, నవ్వుకుంటూ ఇంటికొచ్చేది. తమ్ముడు చిన్నప్పుడు ఆమె ఒళ్లోనే ఉండేవాడు. వాడికీ రెండు గుక్కలు పట్టేది. ఒంట్లో వేడి తగ్గుతుందని, బలమని. మా ఇళ్లల్లో దాన్నెవరూ తప్పనుకోలేదు. చెట్టు కల్లు తాగిన అలవాటుతోనే అందరూ డిపో కల్లు తాగారు. అందులో నిద్రమాత్రల మందు కలుపుతున్నారని ఊరంతా గుసగుసలాడేది, ఊరంతా తాగేది. తమ్ముడు ఇంటర్‌కొచ్చేసరికి కల్లు చాలక ఆ మాత్రలే కొనడం మొదలుపెట్టాడు. తరవాత హైవే మీద గంజాయి.

ఒకసారి ఆబ్కారీ వాళ్లొచ్చి డిపోలన్నీ ఉన్నపళంగా మూయించారు. మత్తు మీద యుద్ధమన్నారు. కల్లు దొరకక పనోళ్లు, ముసలోళ్లు మూర్ఛలతో దవాఖాన వరండాల్లో పడ్డారు. మేనత్త మెడ ఒక పక్కకు తిరిగిపోయింది. గోడ వైపు చూస్తూ చచ్చిపోయిన మామతో మాట్లాడేది. ఆమెను సర్కారు దవాఖానలో చేర్చి నేను అక్కడ కాపలా ఉంటే, ఇంట్లో తమ్ముడు మాత్రలు కూడా దొరకక గోడకు తల కొట్టుకుంటున్నాడు. నాయన ఎవరి మాటో విని మత్తు మాన్పించే ఒక కేంద్రానికి ఫోన్ చేశాడు. వ్యానులో వచ్చిన మనుషులు వాడిని రెక్కలు విరిచి పట్టుకుపోయారు. ఫోన్ చేయొద్దన్నారు, చూడ్డానికి రావద్దన్నారు, ఏడ్చినా అది నాటకమేనన్నారు. నాయన సంతకం పెట్టాడు. ఆయనను తప్పుపట్టలేను. కళ్ల ముందు కొడుకు తల పగలగొట్టుకుంటుంటే ఏ తండ్రికైనా ఏదో ఒక తలుపు కావాలి.

దవాఖాన నుంచి ఇంటికొచ్చి సంగతి తెలుసుకున్న మేనత్త అన్నం ముట్టలేదు. అక్కడ వాడికి మందులిచ్చే డాక్టరున్నాడా అని నాయనను అడిగింది. ఆయనకు తెలియదు. మెడ ఇంకా సరిగా నిలవని మనిషి, బస్సెక్కి ఆ కేంద్రానికి పోయింది. గేటు తీయలేదు. తండ్రి వస్తేనే అన్నారట. తిరిగొచ్చి నాయన ముందు కూర్చుంది.

"తమ్మీ, వానికి కల్లు నేర్పింది నేనే. మానితె ఎట్లుంటదో గూడ నాకు ఎర్క. పురుగులు పాకినట్టుంటది. నాకు సూదిచ్చి, పక్కన నా కోడలు కూసున్నది. ఆడ వాని పక్కన ఎవరున్నరు?"

 మర్నాడు నాయన మమ్మల్నిద్దరినీ వెంటబెట్టుకుని చెప్పాపెట్టకుండా బయలుదేరాడు.

కేంద్రమంటే హైవే పక్క రెండంతస్తుల ఇల్లు. కిటికీలకు రేకులు కొట్టి ఉన్నాయి. నాయన గట్టిగా అడిగితే తమ్ముడిని తీసుకొచ్చారు. గుండు గీశారు. మోకాళ్లు చెక్కుకుపోయి ఉన్నాయి. చేతులు కట్టుకుని, చూపు నేల మీద పెట్టి నిలబడ్డాడు. ఎట్లున్నవురా అని నాయన అడిగితే, "బాగున్న సార్," అన్నాడు.

అక్కడి మనిషి ముఖం వెలిగిపోయింది. చూశారా ఎంత క్రమశిక్షణ వచ్చిందో అన్నాడు. మేనత్త నాయన వైపు తిరిగింది.

"నీ కొడుకు నిన్ను సార్ అంటున్నడు తమ్మీ. ఇది బాగైనట్టా?"

నాయన అక్కడే కూలబడి ఏడ్చాడు. లేచి, తీసుకుపోతున్నానని ఇంకో సంతకం పెట్టాడు. అలాంటి చోట్ల బాగుపడి వచ్చినవాళ్లు కూడా ఉండొచ్చు. నేను కాదనను. కానీ నా తమ్ముడు చాలాకాలం నిద్రలో ఉలిక్కిపడి లేచి చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఆ మాన్పించినవాళ్ల మీద నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తరవాతి కథ చెప్పుకోవడానికి పెద్దగా ఉండదు. దవాఖాన డాక్టరు తమ్ముడి మందు మోతాదు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చాడు. మాత్రలు మేనత్త కొంగుకు ముడేసుకుని వేళకు ఇచ్చేది. వాడిని పొయ్యి పక్కనే కూర్చోబెట్టి రొట్టెలు కొట్టడం నేర్పింది. వాడి మొదటి రొట్టెలు బర్రెలు కూడా అనుమానంగా చూసేలా ఉండేవి. "నా అల్లుడు చేసిండు, తింటె తిను లేకుంటె పో," అని గిరాకీల మీదికి ఎగబడేది. మధ్యలో ఒకసారి వాడు మళ్ళీ జారాడు. జేబులో మాత్రలు దొరికాయి. నాయన మళ్ళీ కేంద్రం పేరెత్తితే మేనత్త వాడికి పొయ్యి పక్కన పీట జరిపి, "కాలనియ్యి జర," అంది. వాడిని మాత్రం కన్నడంలో బాగా తిట్టింది.

కొన్నాళ్లకు డిపోలు మళ్ళీ తెరిచారు. యుద్ధం ఎవరు గెలిచారో నాకైతే తెలియలేదు. జనం మళ్ళీ బారులు తీరారు. మేనత్త పోలేదు. అల్లుడు మానేదాకా తానూ ముట్టనంది. అటువైపు నుంచి వాసన కూడా రాకూడదని చుట్టూ తిరిగి ఇంటికి పోయేది. ఆ ఒక్క సీసా తప్ప ఆమెకు వేరే సరదా లేదు. మానిన కొత్తలో సాయంత్రమైతే షెడ్డులో కాలుగాలిన పిల్లిలా తిరిగేది.

మా బడి పిల్లలతో మేం మత్తు వ్యతిరేక ర్యాలీ తీసినప్పుడు పిండి చేతులతో రోడ్డు మీదికొచ్చి అట్టలన్నీ నాతో చదివించుకుంది. "మత్తు ఇడువుమని రాసిన్రు. మంచిగుంది. ఇడిసినంక ఏడికి పోవాల్నో రాయలే గద, కోడలా," అంది. నేను పిల్లలను లైనులో నడవమని కసిరాను.

ఆమె గుండె ఆగి పోయింది. తలకొరివి తమ్ముడే పెట్టాడు. మూడో రోజు పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తట్లో వడ్డించి, పక్షి వచ్చి ముట్టేదాకా చూడటం మా ఆచారం. జొన్నరొట్టె, పచ్చిపులుసు, వేయించిన మేక కారిజం పెట్టాం. ఎండ ఎక్కుతోంది. ఒక్క పిట్టా వాలలేదు. జనం గుసగుసలు మొదలయ్యాయి. న్యాల్‌కల్ నుంచి వచ్చిన మా చిన్నాయన సంచిలోంచి కల్లు సీసా తీశాడు. పోయినవాళ్ల పేరున కల్లు నేల మీద ధార పోయడాన్ని సాక అంటాం. తలకొరివి పెట్టినవాడే పోయాలి.

"అక్కకు కల్లంటె పానం. సాక వొయ్యకుంటె ఎట్ల ముడుతది?" అంటూ మూత తీసి తమ్ముడి చేతిలో పెట్టాడు. నురగ పొంగి వాడి వేళ్ల మీద కారింది. వాడి గొంతు కదలడం నాకు కనబడింది. దేవుడా, ఆ సీసా లాక్కోవాలనిపించింది. 

"అత్త మానేసింది చిన్నాయనా," అన్నాడు తమ్ముడు.

"సచ్చినోళ్లకు మానుడేందిరా?"

"నా కోసం మానింది. నేనే పోస్తనా?"

సీసా చిన్నాయన చేతిలో పెట్టేసి నా దగ్గరికొచ్చాడు. పక్కనున్న బిందెలోంచి చెంబుతో నీళ్లు ముంచి పోశాను. మట్టి తీసుకుని రుద్దుకున్నాడు. వాసన చూసుకుని మళ్ళీ రుద్దుకున్నాడు. "ఇంకా పొయ్యి అక్కా," అన్నాడు. అంతలో వెనకాల పిట్ట వచ్చిందో లేదో నేను చూడలేదు. బిందె ఖాళీ అయ్యింది. వాడు చేతులు అలాగే చాపి నిలబడ్డాడు.