తల వంచకూడని ప్రార్థన

పన్నెండేళ్ల కింద నా బావమరిది ఒక మాట ఇచ్చాడు. "సోమవారం నేనే వస్త బావా. నిన్ను పట్నం తోల్కపోయి, కన్ను బాగు చేయించి, మల్ల ఇంట్ల దింపి పోత" అన్నాడు. అప్పటికి నా ఎడమ కంట్లో శుక్లం పండి ఉంది. నేను సోమవారం సంచి సర్దుకొని భువనగిరి స్టేషన్‌లో కూర్చున్నాను. ఆయన రాలేదు. తరువాతి సోమవారమూ రాలేదు. బడి సెలవులన్నీ ఆ స్టేషన్ బల్ల మీదే గడిచాయి. వానలు పడ్డాక ఎవరిదో పెండ్లికి మా ఊరు వచ్చి, రెండుసార్లు పప్పు వడ్డించుకొని, "దేవుని చిత్తం కాలేదు బావా" అన్నాడు. ఆలోగా శుక్లం ముదిరి కన్నే పోయింది. ఆయన పేరు చివర చెబుతాను. ముందే చెబితే నాకు కోపం వచ్చి ప్రయాణం సంగతి మరిచిపోతాను.

ఇప్పుడు కుడి కన్ను వంతు వచ్చింది. మిషన్ బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి. మూడు భాషల పుస్తకాలు ఇల్లంతా ఉన్నాయి. భార్య పోయాక నాతో మాట్లాడేవి అవే. ఈ ఏడు అవి కూడా మూగవయ్యాయి. ఆ మధ్య మా సంఘానికి వచ్చిన ఒక బోధకుడు "చూపు పోతే పోనీయండి, అప్పగించుకోండి" అని ఉపదేశించాడు. ఆయన ముక్కు మీద బంగారు ఫ్రేము కళ్లద్దాలు ఉన్నాయని పక్కవాళ్లు చెప్పారు. ఆ ఉపదేశం విన్న మరుసటి వారమే నేను పట్నానికి బయలుదేరాను. మన సంఘాల్లో చూపు మందగించి, పట్నం అంటే జంకుతున్న పెద్దలకు పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

భువనగిరిలో తెల్లవారుజామున పాసింజరు ఎక్కితే, మూడో తరగతిలో చోటు దొరక్కపోయినా, తొమ్మిది లోపల సికింద్రాబాద్ చేరతారు. యుద్ధం రోజులు కాబట్టి రైలు కొంచెం అటూ ఇటూ అవుతుంది. స్టేషన్ బయటే అఫ్జల్‌గంజ్ బస్సు దొరుకుతుంది. టికెట్టుకు నిజాం సర్కారు హాలీ చిల్లర ఉంచుకోండి, బ్రిటిష్ అణా ఇస్తే కండక్టరుతో లొల్లి. హుస్సేన్‌సాగర్ కట్ట మీద చల్లగాలికి నా పక్కనున్న ఆయన నిద్రపోయి నా భుజం మీద వాలాడు. ముసలి భుజం ఇంకా దేనికో ఒకదానికి పనికొచ్చిందని ఊరుకున్నాను. మూసీ ఒడ్డున పెద్ద దవాఖానా ముందు దిగేటప్పటికి పదకొండు దాటింది.

లోపల కంటి డాక్టరు దీపం పెట్టి చూశాడు. శుక్లం సరిగ్గా పండిందని, రేపే తీయవచ్చని అన్నాడు. పక్కన చీటీ రాసే ఆయన తల ఎత్తకుండా అడిగాడు: "వెంట ఎవరున్నరు?"

"దేవుడున్నాడు" అన్నాను.

"దేవుడు సరే పెద్దాయనా. కోసినంక రెండు కండ్లకు కట్టు కడ్తరు. వారం దినాలు తలకాయ కదిలియ్యద్దు. ముద్ద నోట్ల పెట్టేటందుకు మనిషి గావాలె. మనిషిని తోల్కరా, మంచం ఇస్త."

ఈ పట్నంలో నాకు తెలిసిన ఇల్లు ఒక్కటే. అది శాలిబండలో ఉన్న మా బావమరిది ఇల్లు. పన్నెండేళ్లుగా ఆ గడప తొక్కలేదు. తొక్కకపోతే కన్ను లేదు.

దవాఖానా ఎదుట టాంగాలు నిలబడి ఉంటాయి. నాకు దొరికిన టాంగావాలా పేరు మౌలా భాయ్. బేరం కుదిరాక ఆయన అన్నాడు: "ఎక్కుండ్రి మాస్టర్ సాబ్. నా గుర్రం ముసల్ది, మీరూ ముసలోళ్లే. ఇద్దరికీ జల్దీ లేదు గద."

"నాకుంది. కన్ను పోతున్నది."

"అయితె గుర్రానికి చెప్త. ఇంటదో లేదో దాని ఇష్టం."

నయాపుల్ దాటి పత్తర్‌గట్టీ గుండా పోతుంటే అత్తరు, పొయ్యి మీది పాయా, గుర్రపు లద్దె, ఒకదాని వెనుక ఒకటి వాసనలు వచ్చాయి. కన్ను సరిగా లేనివాడికి ఈ బజారు ముక్కుతోనే తెలిసిపోతుంది. చార్మినార్ దగ్గర తల ఎత్తి చూస్తే నాకు ఎనిమిది మినార్లు కనిపించాయి. మౌలా భాయ్‌తో చెప్పాను. "మీ నసీబు మంచిది సాబ్. మాకు నాలుగే ఇచ్చిండ్రు" అన్నాడు.

శాలిబండలో తలుపు తీసింది బావమరిది భార్య రత్నమ్మ. ఆయన ఇంట్లో లేడు. ఉండడని నాకు తెలుసు. ఆమె కాళ్లకు నీళ్లిచ్చి, పీట వేసి, వంటకు కూర్చుంది. బియ్యం చాట నా ముందే ఉంది. అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న కుండలో వేసింది. మనవాళ్లకు చెప్పనక్కరలేదు, ఆదివారం గుడికి తీసుకుపోయే పిడికెడు బియ్యం.

"రేషన్ బియ్యంలో కూడా దేవుడికి వాటానా రత్నమ్మా? ఇద్దరికి చాలేట్టు లేవు కదా. ముందు కొలిచి చూసుకోవద్దా?" అన్నాను.

"కొలిచినంక తీయాల్నంటె చెయ్యి ఒణుకుతదన్నా. అందుకే ముందుగాలనే తీస్త" అంది. తరువాత, "మీరు బుక్కులు చదివేటోళ్లు, మీరు కొలుసుకోండ్రి. కొలిసినా గిదే అన్నం" అని నవ్వింది.

తిన్నాక విషయం చెప్పాను. ఆమె ఒక చీర, ఒక దుప్పటి, ఒక ఇత్తడి చెంబు మూటకట్టుకొని, పక్కింటావిడకు తాళం ఇచ్చి, "మా ఇంటాయన వస్తె దవాఖానల ఉన్ననని చెప్పు" అని టాంగా ఎక్కింది. పన్నెండేళ్ల పగకు పట్టిన ఆలస్యం అంతే. నాలుగు గంటలకల్లా నాకు మంచం దొరికింది.

మరునాడు పొద్దున కన్ను కోశారు. మందు వేస్తారు, నొప్పి పెద్దగా ఉండదు. అసలు కష్టం తరువాత. తలకు రెండు పక్కలా ఇసుక సంచులు పెడతారు. దగ్గకూడదు, తుమ్మకూడదు, పక్కకు తిరగకూడదు. ఏమాత్రం కదిలినా గాయం తెరుచుకుంటుంది, ఉన్న ఒక్క కన్నూ పోతుంది. ఎవరిని తలచుకుంటే నాకు అన్నం సహించేది కాదో, అతని భార్య చేతి ముద్ద కోసం పక్షిపిల్లలాగా నోరు తెరుచుకొని పడుకున్నాను. పక్క మంచం మీద బేగంబజార్‌లో గిన్నెల వ్యాపారి ఖాసిం భాయ్ కూడా అలాగే పడుకొని ఉన్నాడు. ఒకరి ముఖం ఒకరం చూడకుండానే స్నేహితులమయ్యాం. ఆయనకు వచ్చిన హాస్యపు కథలన్నీ చెప్పబోయేవాడు. నవ్వితే కట్టు కదులుతుందని నేనే ఆపేవాణ్ణి.

మూడో రోజు మధ్యాహ్నం వరండాలో చెప్పుల చప్పుడు వినగానే ఎవరో తెలిసింది. బావమరిది వచ్చాడు. గొంతు ఏమీ మారలేదు. "బావా, ఎంత కష్టమొచ్చె. దేవుని చిత్తానికి లోబడాలె మనం" అంటూ మంచం పక్కన మోకాళ్లూని, "తలలు వంచి ప్రార్థన చేద్దం" అన్నాడు.

అరవై ఏళ్ల అలవాటు. ఆ మాట చెవిన పడితే మెడ దానంతట అదే వంగుతుంది, బుద్ధిని అడగదు. నా తల దిండు మీదినుంచి లేస్తున్నదని నాకే తెలియలేదు. అంతలో ఉల్లిపాయ వాసన వేసే అరచెయ్యి ఒకటి నా నుదుటి మీద పడి, నన్ను దిండుకు అదిమి పట్టింది.

"అన్నా, కదలకుండ్రి" అంది రత్నమ్మ. తరువాత మొగుడి వైపు తిరిగింది. "ఏందయ్యా నువ్వు. తలకాయ కదిలియ్యద్దని డాక్టర్ చెప్పలేదా? ఉన్న ఒక్క కన్ను గూడ తీస్తవా? లే. ప్రార్థన గావాల్నంటె వరండల చేస్కో."

వరండాలోనే చేశాడు. చాలాసేపు చేశాడు. పక్క మంచం మీదినుంచి ఖాసిం భాయ్ మెల్లగా అన్నాడు: "ఫికర్ చెయ్యకుండ్రి మాస్టర్ సాబ్. నేను గూడ పండుకున్న కాడ్నే దిల్ల నమాజ్ చదువుతున్న. మెడ వంగలేదని పైనోడు గుస్సా అయితడా?"

ఆయన మాటకు నవ్వు వచ్చింది, ఆపుకున్నాను. కానీ గాయం తెరుచుకుందో లేదో కట్టు విప్పేదాకా ఎవరికీ తెలియదు. ఆ నాలుగు రోజులు నాకు వేరే పని లేదు. దేవుణ్ణి చూపు ఇవ్వమని అడుగుతూనే ఉన్నాను. అడగడం కూడా కాదు, బాకీ వసూలు చేసేవాడిలాగా గద్దించాను. ఒక మధ్యాహ్నం రత్నమ్మ ముద్ద కలుపుతూ ఉంటే ఆ బియ్యం కుండ గుర్తుకొచ్చింది. కట్టు విప్పి, చూపు వచ్చిందని చూసుకొని, అప్పుడు "నీ ఇష్టం ప్రభువా" అంటే అది కొలుచుకున్నాక ఇచ్చినట్టు. అందుకని చీకట్లోనే, ముందుగానే, ఆ కన్ను తీసి ఆయన కుండలో వేశాను. వచ్చినా నీదే, పోయినా నీదే అన్నాను. నిజం చెబుతున్నాను, లోపల చెయ్యి వణికింది. తల మాత్రం వంచలేదు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

ఎనిమిదో రోజు కట్టు విప్పారు. ముందు తెల్లటి పొగ, అందులో ఒక ఆకుపచ్చ గీత; అది రత్నమ్మ చీర అంచు. డాక్టరు దళసరి అద్దం ఒకటి నా కన్నుకు అడ్డం పెట్టి, ఎదుటి గోడ మీదిది చదవమన్నాడు. చదివాను: "ఇక్కడ ఉమ్మి వేయరాదు." ఇన్నేళ్లు చదివాను గాని ఇంత చక్కటి వాక్యం నాకు ఎక్కడా తగల్లేదు. పైకి మళ్లీ ఒకసారి చదివాను. "మాకోసమే రాసిండ్రు సాబ్" అన్నాడు పాన్ అలవాటున్న ఖాసిం భాయ్. ఈసారి ఇద్దరం నవ్వాం, ఎవరూ ఆపలేదు. నెలన్నరకు కళ్లద్దాల కోసం మళ్లీ వచ్చినప్పుడు చార్మినార్ దగ్గర దిగి లెక్కపెట్టాను. నాలుగే.

అప్పగించుకోవడం గురించి పుస్తకాల్లో చాలా చదివాను, వేదిక మీద చాలా విన్నాను. దాన్ని నేను నేర్చుకున్నది ఇసుక సంచుల మధ్య, నోరు తెరుచుకొని పడుకున్నప్పుడు. దేవుని చేతికి ఇవ్వడమంటే మన పని మానుకోవడం కాదు. నేను రైలెక్కాను, డాక్టరు కోశాడు, రత్నమ్మ నా తల కదలకుండా పట్టుకుంది. ఆ తరువాత మిగిలినదే ఆయన చిత్తం. దాని ముందు నేను ఓడిపోయాను, ఓడిపోయి హాయిగా ఉన్నాను. కుడి కన్ను ఆయన ఇచ్చాడు. ఎడమ కన్ను ఆయన తీసుకున్నాడని మాత్రం ఎవరూ నాతో అనవద్దు.

చివరగా పనికొచ్చే మాట ఒకటి. కంటి ఆపరేషన్‌కు వెళ్లేవాళ్లు వెంట మనిషిని తీసుకుపోండి, ఇంటికి తిరిగి రావడానికి టాంగా ముందే మాట్లాడుకోండి. వరండాలో ప్రార్థన ముగించి పోతూ మా బావమరిది, "కట్టు ఇప్పే దినం టాంగా తీస్కొని నేనే వస్త బావా" అని మాట ఇచ్చాడు. రత్నమ్మా నేనూ దవాఖానా మెట్ల మీద కూర్చొని పొద్దు వాలేదాకా చూసి, చివరకు మౌలా భాయ్ టాంగాలోనే శాలిబండ వెళ్లాం. బావమరిది ఇంటి అరుగు మీద కూర్చొని పాన్ నములుతూ ఉన్నాడు. నన్ను చూసి, "దేవుని చిత్తం కాలేదు బావా" అన్నాడు. దేవుడికి ఏ సంబంధమూ లేదు. ఎడమ కన్ను పోగొట్టినవాడు శాలిబండ దానియేలు.