జెలటిన్ లేని రోటె గ్రుట్సె కోసం ఫ్రెడరిక్స్‌బర్గ్ దాకా

మా వియ్యంకుడు ఉద్యోగరీత్యా రెండేళ్లు హాంబర్గ్‌లో ఉన్నారు. ఆ రెండేళ్లనీ పదిహేనేళ్లుగా మాకు వడ్డిస్తూనే ఉన్నారు. మేముండే ఫ్రిస్కోలో, అంటే టెక్సాస్‌లో డల్లాస్ పక్కన, ఎవరింట్లో భోజనానికి కలిసినా చివర్లో రోటె గ్రుట్సె ప్రస్తావన రావలసిందే. ఎర్రటి బెర్రీపళ్లు ఉడికించి, చిక్కబరిచి, చల్లగా తినే జర్మన్ వంటకం అది. పుల్లటి పళ్లంటే ప్రాణంపెట్టే నా భార్య సుభద్ర ఆశపడినప్పుడల్లా, "అందులో జెలటిన్ ఉంటుంది చెల్లెమ్మా, జంతువుల ఎముకల్లోంచి తీస్తారు. నీకు పనికిరాదు" అని తేల్చేసేవారు. నేను చదివినంతలో అలా లేదంటే, "మీరు చదివారు, నేను తిన్నాను బావగారూ" అని నవ్వేవారు. ఆ నవ్వు సంగతి తేల్చుకోవాలి, సుభద్ర చేత అది తినిపించాలి. అందుకే ఈ ప్రయాణం. సాక్షిగా ఆయన్నీ కారెక్కించాను.

ఉదయం ఆరింటికి బయల్దేరి వేకో దాకా 35వ నంబరు హైవే మీద, అక్కడినుంచి ల్యాంపాసస్, లానో మీదుగా చిన్న రోడ్లు పట్టుకుని డ్రైవ్ చేశాను. దారి బాగుంటుంది, వెనకసీట్లో సలహాలు లేకపోతే ఇంకా బాగుంటుంది. పదకొండు దాటాక ఫ్రెడరిక్స్‌బర్గ్ చేరాం. ఒకప్పుడు జర్మన్లు వచ్చి స్థిరపడిన ఊరు. అక్కడ హిల్డా అనే పెద్దావిడ తన వంటింట్లోనే వంట నేర్పుతుంది, మనిషికి నలభై డాలర్లు.

బ్లాక్‌బెర్రీలు, స్ట్రాబెర్రీలు, గింజలు తీసిన చెర్రీలు గిన్నెలో పొంగుతుండగా ఆవిడ ఒక సీసా మూత తీసింది. సుభద్ర తొంగిచూసి, "ఇది మన సగ్గుబియ్యం కదండీ" అంది.

"అది టెక్సాస్ పద్ధతి. జర్మనీలో జెలటినే" అన్నారు వియ్యంకుడు. ఆ మాటే ఇంగ్లిష్‌లో ఆవిడకీ చెప్పారు.

హిల్డా గరిటె ఆపలేదు. "ఎక్కడ తిన్నారు?"

"మా కంపెనీ క్యాంటీన్‌లో."

"ఓ, ప్యాకెట్ పొడితో చేసిందా" అని ఆవిడ సగ్గుబియ్యం పోసింది.

ఇంత హాయిగా నేను ఈ మధ్యకాలంలో ఎప్పుడూ లేను.

ఫ్రిజ్‌లో గట్టిపడటానికి మూడు గంటలు పడుతుంది. ఆలోగా మెయిన్ స్ట్రీట్‌లో తిరిగి, పీచ్ పళ్లు కొనుక్కుని వచ్చాం. హిల్డా గాజుకప్పుల్లో వడ్డించి, పైన వెనిల్లా సాస్ పోయబోయింది. అందులో ఏముందని అడిగాను. గుడ్డు సొన అంది. సుభద్ర గుడ్డు కూడా ముట్టదు. వియ్యంకుడి మొహం వెలిగిపోయింది.

"చూశావా చెల్లెమ్మా, నేను చెప్పలేదూ?"

"మీరు చెప్పింది ఎముకలు అన్నయ్యగారూ" అంది సుభద్ర. హిల్డా వైపు తిరిగి, "క్రీమ్ ఉందా?" అని అడిగింది. ఉంది. వాళ్ల అమ్మమ్మ ఎప్పుడూ పచ్చి మీగడే పోసేదట.

సుభద్ర మొదటి చెంచా నోట్లో పెట్టుకుని, పులుపుకి ఒక కన్ను మూసింది. తర్వాత కప్పు ఖాళీ అయ్యేదాకా చెంచా కింద పెట్టలేదు.

తిరుగు ప్రయాణంలో ఆయన్ని కడిగేద్దామని లానో దాకా మాటలు పేర్చుకున్నాను. పక్కసీట్లో సుభద్ర, పులుపు ఇంకొంచెం ఉన్నా బాగుండేదని తనలో తాను అనుకుంటోంది. ఆ గొంతు వింటుంటే నా మాటలు నాకే చప్పగా అనిపించాయి. గెలిచినవాడికి వాదించే అవసరం ఉండదని ఈ వయసులో తెలిసింది. వెళ్లాలనుకునే శాకాహారులకి ఒక్క మాట: బుక్ చేసేటప్పుడే జెలటిన్ గురించీ, సాస్‌లో గుడ్డు గురించీ విడివిడిగా అడగండి. అడగాల్సింది వండేవాళ్లని, తిన్నామని చెప్పేవాళ్లని కాదు.