పొరుగింటి కంబళి

నా చిన్నప్పుడు మా ఎమ్మిగనూరు గుడిలో, ఆదివారం ఆరాధనలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది సాక్ష్యాలు చెప్పే సమయం. పాటలు అయిపోయాక ఒక్కొక్కరే లేచి, ప్రభువు తమను ఏ గోతిలో నుంచి పైకి తీశాడో చెప్పేవారు. గొయ్యి ఎంత లోతైతే సంఘం ఆమెన్ అంత గట్టిగా పలికేది. తాగుడు మానిన మనిషి ఏడుస్తూ చెబితే పైకప్పు రేకులు అదిరేవి. మా నాయన మాత్రం లేచి, "ఈ వారమంతా పని దొరికింది, పిల్లోళ్ళు బాగుండారు, దేవునికి స్తోత్రం" అని కూర్చునేవాడు. ముందు వరసలో నలుగురు ముసలమ్మలు నోట్లోనే ఆమెన్ అనేవారు. నాకు తలవంపుగా ఉండేది. మా ఇంటికి చెప్పుకోదగ్గ గొయ్యి ఒక్కటీ లేదే అని దిగులుపడేదాన్ని.

మా నాయన నేతగాడు. ఇంట్లోనే గుంటమగ్గం. తెల్లవారితే మొదలయ్యే ఆ చప్పుడు దీపాలు పెట్టేదాకా సాగేది. తిండికి కొదవ లేదు, మిగిలిందీ లేదు. మా ఎదురింట్లో నా ఈడు పిల్ల ఉండేది. బడిలో నా తరగతే, సండే స్కూల్లో నా బెంచీయే. వాళ్ళ అమ్మానాయన మా వైపు చాలామంది లాగానే ఏటా సుగ్గికి పోయేవారు. వానలు లేని మా పల్లెల వాళ్ళు ఊరు విడిచి, గుంటూరు వైపు మిరపకాయలు కోసే కూలికి నెలల తరబడి పోవడాన్నే సుగ్గి అంటారు. ఆ నెలల్లో ఆ పిల్ల, తమ్ముడు, ముసలి అవ్వ ముగ్గురే ఇంట్లో ఉండేవారు. బడి వదలగానే ఆ పిల్ల మా ఇంటికి వచ్చి, రాట్నం ముందు కూర్చుని మా నాయనకు నూలు కండెలు చుట్టిపెట్టేది.

ఆ పిల్లంటే నాకు అసూయ. ఇన్నేళ్ళ తర్వాత దాన్ని మెత్తని మాటల్లో చుట్టి చెప్పడం నాకిష్టం లేదు. కీర్తనలు నాకంటే ముందు కంఠతా పట్టేది. అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. అన్నిటికీ మించి, ఆ పిల్ల చుట్టిన కండె, మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెడితే పోగు తెగదని మా నాయన ఒకసారి అన్నాడు. నేను చుట్టిన కండెల గురించి ఆయన మంచీ చెడ్డా ఏనాడూ అనలేదు. ఆ రాత్రి ప్రార్థనలో ఆ పిల్ల పేరు కావాలనే వదిలేశాను.

మేము పదో తరగతిలో ఉన్న ఏడు, ఆదోనిలోని సంఘ పెద్దలు ఒక స్కాలర్‌షిప్పు ప్రకటించారు. పాసైన వాళ్ళలో ఒకరికి ఆదోనిలో కాలేజీ చదువు, హాస్టలు రెండేళ్ళు వాళ్ళే చూసుకుంటారు. దరఖాస్తుతో పాటు సొంత చేతిరాతతో రెండు పేజీల వ్యాసం ఇవ్వాలి. నీవెవరు, ఎందుకు చదవాలనుకుంటున్నావు అన్నది విషయం. అది రాకపోతే నా చదువు పదితో ఆగిపోతుందని నాకు తెలుసు. ఆ పిల్లకూ అంతే. ఒక్కటే చోటు, ఇద్దరం.

ఆ పిల్ల తన వ్యాసం ముందుగా నాకే చదివి వినిపించింది. నన్ను అంతగా నమ్మింది. సుగ్గికి పోతూ వాళ్ళ నాయన ఉన్న ఒక్క కంబళినీ పిల్లలకు వదిలి, తాను మిరప చేలలో ఉత్త నేల మీద పడుకుంటాడని రాసింది. తమ్ముడు ఆ కంబళిలో ముఖం దాచుకుని నాయన వాసన వస్తుందంటాడట. ఆ కంబళి మాట మళ్ళీ ఒకసారి చదవమన్నాను. మరుక్షణమే కడుపు మండింది. ఇంత మంచి గొయ్యి దీనికెందుకు ఉండాలి, నాకెందుకు లేకపోవాలి అనుకున్నాను. మా ఇంట్లో మనిషికొక దుప్పటి ఉన్నందుకు కోపం వచ్చింది.

వాక్యం నాకు తెలియక కాదు. పొరుగువాని ఇంటిని, ఎద్దును, గాడిదను ఆశించకూడదన్న ఆజ్ఞ కంఠతా వచ్చు. ఆ జాబితా అంతా మనసులో వెదికి చూశాను. పొరుగువాని కష్టం అందులో లేదు. అదే నాకు దొరికిన సందు. ఆ వారమే కూర్చుని రెండు పేజీలు రాశాను. మా నాయన సుగ్గికి పోయాడు. మా ఇంట్లో పొయ్యి వెలగని రోజులు వచ్చాయి. ఒక్కటే కంబళి, అందులో నాయన వాసన. కన్నీళ్ళు ఎక్కడ పెట్టాలో సాక్ష్యాలు విని విని నాకు బాగా తెలుసు.

రాసింది నిజమేనని దరఖాస్తు మీద బైబిలమ్మ వేలిముద్ర ఉండాలి. ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే ముసలామె. పిల్లలందరికీ అవ్వ. మా ఇళ్ళలో ఎవరు తిన్నారో, ఎవరు పస్తున్నారో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కళ్ళలో పూలు వేసి చూపు ఆనేది కాదు. అదే నా ధైర్యం. కాగితం ఆమె చేతికిస్తే పైన వేలిముద్ర వేసి ఇచ్చేస్తుందనుకున్నాను. ఆమె కాగితాన్ని తడిమి చూసి, మడిచి మళ్ళీ నా చేతిలోనే పెట్టింది.

"సాయంత్రం మీ ఇంటికొచ్చి ఇంటాలే" అంది.

అన్నట్టే వచ్చింది. మగ్గం పక్కన పీట వేయించుకుని కూర్చుంది. మా నాయన గుంటలో కాళ్ళు పెట్టి నేస్తున్నాడు. ఎదురింటి పిల్ల రాట్నం తిప్పుతోంది. "బయట అరుగు మీద చదువుతానవ్వా" అన్నాను.

"ఈడనే సదువు పాపా. మీ ఇంటి సంగతే గదా, మీ ఇంట్లో సదివేదానికేమి?"

తప్పించుకునే దారి లేక మొదలుపెట్టాను. మగ్గం చప్పుడులో కలిసిపోవాలని గొంతు తగ్గించాను. కంబళి దగ్గరికి వచ్చేసరికి రాట్నం ఆగింది. ఇంకో రెండు వాక్యాలకు మగ్గం ఆగింది. ఆ ఇంట్లో పగటి పూట అంత నిశ్శబ్దం నేను ఎన్నడూ వినలేదు. నా గొంతు ఒక్కటే, నగ్నంగా, అబద్ధం చెబుతూ వినిపించింది. ఆపేశాను.

మా నాయన నాడె చేతిలోనే పట్టుకుని నా వైపు చూశాడు. "ఇంతకీ నేను యాడికి పోయినట్ల పాపా? ఈడనే కూసోని ఉండానే."

కోప్పడి ఉంటే తట్టుకునేదాన్ని. ఆయన నిజంగానే అడిగాడు, తాను ఎప్పుడు తప్పిపోయాడో తెలుసుకోవాలన్నట్టు.

ఎదురింటి పిల్ల తల ఎత్తలేదు. చేతిలోని కండెను చూస్తూ, "ఆ కంబళి మాది గదమే" అంది. కండె కింద పెట్టి మళ్ళీ అంది, "రెండు కాగితాల్లో ఒకే కంబళి ఉంటే, దొంగ ఎవరంటారు? నన్నేగదా అనేది. మీ నాయన ఊర్లో ఉండాడు, సుగ్గికి పోయొచ్చినానని ఒక్క మాటంటే నీదే నిజమయితాది. మా నాయన యాడుండాడు?"

అది నాకు తట్టనే లేదు. నా పోటీ రాతలో అనుకున్నాను గానీ, ఆ పిల్లకున్న ఒక్క నిజాన్నీ అబద్ధం చేస్తున్నానని అనుకోలేదు. చూపులేని తండ్రి ముందు అన్న బట్టలు తొడుక్కుని నిలబడి, అన్నకు రావలసిన దీవెన కాజేసిన తమ్ముడి కథ సండే స్కూల్లో నేనే ఎన్నోసార్లు చెప్పాను. ఆ బట్టలు ఇప్పుడు నా ఒంటి మీద ఉన్నాయి.

అవ్వ వాక్యమేదీ ఎత్తలేదు. "నీ ఇల్లు ఎందుకు రాయలేదు?" అని అడిగింది.

"మా ఇంట్లో రాసేదానికి ఏమీ లేదవ్వా."

"ఏమీ లేదా? ఇంతసేపూ ఇనపడి ఇప్పుడు ఆగిపాయనే, అదేమి?"

నేను మగ్గం వైపు చూశాను. మా నాయన చెమట తుడుచుకుంటున్నాడు. అవ్వ లేచి, నా భుజం పట్టుకుని గడప దాటుతూ, "దేవుడు నీకిచ్చిన ఇల్లు నీకు సిన్నదిగా కనపడితే, ఆ తప్పు ఇంటిది గాదు పాపా. నాకంటే నీ కండ్లకే పూలెక్కువ" అని నవ్వింది.

ఆ కాగితాలు పొయ్యిలో వేశాను. కొత్తవి రాయడానికి నాలుగు రోజులు పట్టింది. ఎక్కాలు నేను మగ్గం దెబ్బకు దెబ్బకు నేర్చుకున్నానని రాశాను. పోగు తెగి మగ్గం ఆగితే నాకు పాఠం కూడా ఆగిపోతుందని, ఆ పోగు అతికించి వచ్చి మళ్ళీ పుస్తకం తీస్తానని రాశాను. ఆదోని హాస్టల్లో ఆ చప్పుడు ఉండదు, అక్కడ ఎలా చదవాలో తెలియదు, అయినా పోవాలని ఉందని రాశాను. చివర్లో, నాకంటే బాగా రాసిన పిల్ల ఒకతె ఉంది, అది నాకు ఇష్టం లేదు, ఇష్టం లేకపోయినా నిజం అని రాశాను. దాన్ని మగ్గం ముందే, రాట్నం ముందే చదివాను. ఈసారి ఏదీ ఆగలేదు. ఆఖరి మాట దగ్గర మాత్రం ఆ పిల్ల ఫక్కున నవ్వింది. అవ్వ వేలిముద్ర వేసింది.

స్కాలర్‌షిప్పు ఆ పిల్లకే వచ్చింది. గుడిలో పేరు చదివినప్పుడు అందరి తర్వాత ఆమెన్ అన్నది నేనే. అసూయ పోయిందని చెబితే అది మళ్ళీ అబద్ధ సాక్ష్యమే అవుతుంది. బస్సెక్కించడానికి వెళ్ళినా, పెట్టె పట్టుకున్న చేయి బరువుకంటే ఎక్కువగా నొప్పెట్టింది. కిటికీలో నుంచి ఆ పిల్ల, "ఆడ నాకు గూడా చదువు ఎక్కదేమోనే, మీ మగ్గం లేకుండా" అంది. నేను రాసిన దాన్ని అంతగా గుర్తు పెట్టుకుంది. బస్సు కదిలాక ఏడ్చాను. ఆ ఏడుపులో ఎంత అసూయో, ఎంత ప్రేమో దేవునికే తెలియాలి. నేను ఒక ఏడాది ఇంట్లోనే కండెలు చుట్టి, మరుసటి ఏడు మళ్ళీ దరఖాస్తు పెట్టి ఆదోని చేరాను. బస్టాండు దగ్గర నన్ను తీసుకుపోవడానికి వచ్చింది ఆ పిల్లే. మా నాయన పంపిన రెండు దుప్పట్లలో ఒకటి తనకిచ్చాను.

నేను బడిపంతులమ్మగా పనిచేసి రిటైరయ్యాను. మా సంఘం పిల్లలు స్కాలర్‌షిప్పుల కోసం రాసిన వ్యాసాలు ఫోన్లో నాకు చూపిస్తారు. ఎవరిదో ఆకలి, ఎవరిదో కన్నీరు ఎక్కడెక్కడి నుంచో తెచ్చి అందంగా అమర్చుకుని వస్తారు. నేను తిట్టను. "ఇందులో ఉన్నవాళ్ళ ముందర చదివి రా, వాళ్ళు పని ఆపారో లేదో నాకు చెప్పు" అంటాను. కొందరు తిరిగి రారు. వచ్చినవాళ్ళ కాగితాల్లో మేకలు, కుట్టుమిషన్లు, పత్తి చేలు, వాళ్ళ సొంత ఇళ్ళు ఉంటాయి.

ఇప్పటికీ ఆదివారం ఎవరైనా గొప్ప సాక్ష్యం చెబితే నా లోపల ఆ పాత మంట రేగుతుంది. అప్పుడు లేచి నిలబడి, మా నాయన మాటే చెబుతాను. ఈ వారమంతా పని దొరికింది, అందరూ బాగున్నారు, దేవునికి స్తోత్రం. నలుగురే నోట్లో ఆమెన్ అంటారు. కూర్చునేటప్పుడు నా చెవిలో మగ్గం ఆడుతూనే ఉంటుంది.