పచ్చబడిపోయిన దిష్టి నీళ్లు

మా చిన్నప్పుడు... పదో తరగతి సైన్సు పరీక్ష రోజు పొద్దున్న చద్దన్నం ముందు పుస్తకం తెరుచుకుని కూర్చున్నాను.

మాది గోదావరి మధ్య లంక ఊరు. పరీక్ష అవతలి ఒడ్డున. అందులో తప్పితే బడి మానేసి అరటితోట పనికి రమ్మన్నారు నాన్న.

ఆమ్లం, క్షారం... ఎంత చదివినా బుర్రకెక్కలేదు. మా బడిలో లిట్మస్ కాగితం లేదు. మేష్టారు ఎర్ర కాగితం, నీలం కాగితం బోర్డు మీద గీశారు... రెండూ తెల్ల సుద్దముక్కతోనే. ఏది ఏ రంగుకు మారుతుందో రాత్రి బట్టీ పడితే తెల్లారేసరికి తారుమారయ్యేది. అడగాలంటే సిగ్గు.

ఆ పొద్దున్న నాయనమ్మ దిష్టి తీస్తానని పళ్లెంలో పసుపునీళ్లు కలిపింది. తాంబూలం సున్నం వేసి తిప్పగానే ఎర్రబడ్డాయి. ఎన్నోసార్లు చూసిందే... ఆ రోజు మాత్రం ఒళ్లు జలదరించింది. సున్నం క్షారమని పుస్తకంలో ఉంది. మరి ఆమ్లం పడితే?

చద్దన్నంలోకి కోసిన నిమ్మచెక్క పక్కనే ఉంది. పిండేశాను. ఎరుపు పోయి మళ్లీ పచ్చబడ్డాయి.

“ఓరి నీ దుంపతెగా! దిష్టి నీళ్లలో నిమ్మకాయ పిండుతావేంట్రా?”

“క్షారం చచ్చిపోయింది నాయనమ్మా!”

“పరీక్షకెళ్తా చావు మాటలేంట్రా! ఉండు, మళ్లీ కలుపుతాను.”

“పడవెళ్లిపోద్ది!”

దిష్టి తీయించుకోకుండానే పరుగెత్తాను. అర్థమైందన్న సంతోషం రేవు దాకా కూడా నిలవలేదు... అపశకునం చేశానేమోనని పడవలో ఒకటే గుబులు.

పరీక్షలో తటస్థీకరణాన్ని, అంటే ఆమ్లం క్షారాన్ని చంపెయ్యడాన్ని, ఉదాహరణతో రాయమన్నారు. పుస్తకంలోది ఒక్క ముక్క గుర్తు రాలేదు. సున్నం, పసుపు, నిమ్మరసం అని రాసేశాను. దిద్దేవారు నవ్వుతారేమో, కొట్టేస్తారేమో... వేసవంతా అదే బెంగ.

పాసయ్యాను.

మర్నాడు నాన్న తోటకు బయల్దేరుతుంటే అలవాటుగా నేనూ లేచాను. “నువ్వెందుకురా? కాలేజీ ఎక్కడుందో కనుక్కో” అన్నారు.

మొన్న మనవరాలిని పరీక్షకు దింపాను. ఈ రంగులు మారడమంతా ఫోన్లో చూసేసిందట. అయినా గేటు దగ్గర చాలాసేపు నా చెయ్యి వదల్లేదు... మా రోజుల్లో అంత భయాన్నీ ఒక్కళ్లమే పడవెక్కించుకుని వెళ్లేవాళ్లం.

మీరెలా వెళ్లారండీ, మీ పరీక్షకి?