పలక మీద పిలక

కృష్ణా పుష్కరాలు అయిన మరుసటి ఏడాది, ఆషాఢంలో, విజయవాడ పటమటలోని ఒక ప్రైవేటు ఆస్పత్రిలో హిస్టోపాథాలజీ విభాగానికి అధిపతిగా చేరాను. అధిపతి అంటే పెద్ద సైన్యమేమీ లేదు. నేను, ఇద్దరు టెక్నీషియన్లు, కిటికీ లేని ఒక గది. పై అంతస్తు డాక్టర్లు రోగి ముక్కూ మొహం చూసి జబ్బు పోల్చేవారు. నేను ముక్క మొహం మాత్రమే చూసేవాణ్ణి. అన్నేళ్ళ సర్వీసులో "మీ చలవ డాక్టరు గారూ" అన్న రోగి ఒక్కరూ లేరు. నేనొకణ్ణి ఉన్నానని వాళ్ళకి తెలిస్తే కదా!

మా పని ఇదీ. జీర్ణకోశ నిపుణులు గొట్టం వేసి కడుపులోకి చూస్తారు. అనుమానం ఉన్న చోట, గొట్టం చివరి పట్టకారుతో ఆవగింజంత ముక్క తుంచి, ఫార్మలిన్ సీసాలో వేసి మాకు పంపుతారు. మేము దాన్ని మైనపు దిమ్మలో బిగించి, వెంట్రుక కంటే పల్చగా కోసి, గాజు పలక మీద పరిచి, రంగులద్ది మైక్రోస్కోపు కింద పెడతాం. కడుపు లోపొర మీద మొలిచే బుడిపెను పాలిప్ అంటారు. నేను నా మటుకు పిలక అనుకునేవాణ్ణి. పిలకను పలక మీదికెక్కించి మంచిదో చెడ్డదో తేల్చడమే నా ఉద్యోగం. చాలా వరకు మంచివే. కానీ "చాలా వరకు" అన్న మాట కింద సంతకం పెట్టడానికి వీల్లేదు.

చేరిన నెలలోనే ఉయ్యూరు దగ్గరి చెరుకు రైతు ఒకాయన ముక్కలు వచ్చాయి. పేరు మార్చి శేషగిరిరావు గారు అంటాను. వయసు యాభై ఎనిమిది. గొట్టం వేసిన డాక్టర్ మాధవి గారు చీటీ మీద మూడు సంగతులు రాశారు: కడుపు పై భాగంలో ఆరు పాలిప్‌లు, ఏళ్ళ తరబడి సొంతంగా గ్యాస్ మాత్రలు, అన్నగారు కడుపు క్యాన్సర్‌తో పోయారు.

ముక్కలు ఇంకా మైనంలోకి చేరనే లేదు, ఆయన బావమరిది రాంబాబు నా గది వెతుక్కుంటూ వచ్చాడు.

"రిపోర్టు రెండు కాగితాలుగా ఇప్పించండి సార్. అసలుది నాకివ్వండి. మా బావకి చూపించడానికి, ఏమీ లేదని రాసిందొకటి."

"ఇంకా ముక్క కొయ్యనే లేదండీ."

"కోసి ఏది తేలినా సరేనండి. ఆయన తట్టుకోలేడు."

ఈ కోరిక నాకు కొత్త కాదు. మన వైపు పెద్ద జబ్బు సంగతి రోగికి తప్ప ఇంటిల్లిపాదికీ చెబుతారు. రిపోర్టు ఒక్కటే ఉంటుంది, అది ముక్క పంపిన డాక్టరుకే వెళుతుంది, కుదరదు పొమ్మనాలి. నేను "చూద్దాం లెండి" అన్నాను. మొహమాటం అనే జబ్బు మా పాథాలజీ పుస్తకాల్లో లేదు. అది నా సొంతం.

మూడో రోజు పలకలు నా బల్ల మీదికి వచ్చాయి. అయిదు ముక్కలు వెంటనే తేలిపోయాయి. ఆమ్లం తయారుచేసే గ్రంథులు నీటి బుడగల్లా ఉబ్బాయి, అంతే. గ్యాస్ మాత్రలు చాలాకాలం మింగినవాళ్ళలో అలాంటివి కనిపిస్తూనే ఉంటాయి. ఆరో ముక్క దగ్గర నా చెయ్యి ఆగింది. దాని అంచున కణాలు నల్లగా, ఇరుకుగా, ఒకదాని మీదొకటి పడి ఉన్నాయి. పట్టకారు నొక్కుడుకి చితికినా అలాగే కనిపిస్తాయి, క్యాన్సర్‌కి ముందు దశ అయినా అలాగే కనిపించవచ్చు. గంటసేపు చూశాను. ఎంత చూసినా కణాలు నోరు విప్పలేదు.

ఇలాంటప్పుడు దిమ్మను ఇంకా లోతుకు కోయించి చూడాలి. చిక్కేమిటంటే, ముక్క చిన్నది. లోతుకు పోయే కొద్దీ అరిగిపోయి, తేల్చడానికి ఏమీ మిగలకపోవచ్చు. మా సీనియర్ టెక్నీషియన్ సత్యవతి గారిని పన్నెండు కోతలు కావాలన్నాను.

"ఆ ముక్కలో పన్నెండా? ఇక నన్ను కోసుకోవాలి సార్," అంటూనే ఆవిడ, మైనం గట్టిపడి పల్చగా తెగడానికి, దిమ్మను మంచు మీద పెట్టింది.

కంప్యూటర్లో ఆయన పేరు పక్కన "పెండింగ్" అని పడింది. ఆ మాటను ఉయ్యూరులో మరోలా చదువుకున్నారు. మర్నాడు మాధవి గారు ఫోన్ చేశారు. "శేషగిరిరావు గారు మజ్జిగ తప్ప ఏమీ ముట్టడం లేదట సార్. 'మా అన్నకీ ఇలాగే ఆలస్యమైంది, నాకు తెలుసులే' అంటున్నారట. ఎప్పటికిస్తారు?" రేపు అన్నాను. ఎందుకు ఆలస్యమో చెప్పలేదు. తేలని మాట బయటికి పొక్కకూడదన్నది మా కట్టుబాటు. ఆ కట్టుబాటు ఎంత గొప్పదో తెలియదు గాని, ఆ రెండు రోజులూ నాకు అన్నం సహించలేదు.

అయిదో రోజు పన్నెండు కోతలూ వచ్చాయి. మొదటి నాలుగింటిలో నలుపు అలాగే ఉంది. అయిదు, ఆరులో కాస్త పల్చబడింది. తొమ్మిదో కోతలో చితికిన అంచు దాటి లోపలికి వెళ్ళాం. అక్కడ గ్రంథులు మిగతా అయిదు ముక్కల్లో లాగే ఉబ్బి, వరస తప్పకుండా ఉన్నాయి. మిగిలిన మూడూ చూసి, హాని లేని పాలిప్‌లు, క్యాన్సర్ లక్షణాలు లేవు అని రాసి సంతకం పెట్టాను.

మర్నాడు మధ్యాహ్నం శేషగిరిరావు గారే నా గదికి వచ్చారు. చొక్కా భుజాల మీంచి జారుతోంది. వెనక రాంబాబు. ఆయన రిపోర్టు నా బల్ల మీద పెట్టి అడిగారు:

"ఇది నా కాగితమా, వీడి కాగితమా?"

"ఉన్నది ఒకటే కాగితమండీ."

"మా అన్నయ్యకీ అలాగే చెప్పారు. ఆయనకి చూపించిన రెండో కాగితం రాయించింది నేనే."

"బావా, ఒట్టు! నేనడిగిన మాట నిజమే గానీ, ఈయన ఇవ్వలేదు," అన్నాడు రాంబాబు.

"అడిగావన్నమాట! ఇంకేం కావాలిరా నాకు?"

నేను ఆయన్ని రెండు తలల మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టాను. విద్యార్థుల కోసం పెట్టిన యంత్రమది, ఇద్దరూ ఒకేసారి చూడవచ్చు. పలక మీది నంబరు, రిపోర్టు మీది నంబరు, సీసా మీద ఆయన పేరు, అన్నీ సరిపోల్చి చూపించాను.

"పక్కవాడి పలక మీద నా నంబరు రాసి చూపించినా నాకు తెలిసేదేముందండీ?"

నిజమే. మాట మార్చి, ఇవి చెరుకుకి పిలకల్లాంటివి, మొక్కకేమీ కాదన్నాను.

"పిలకలు ఎక్కువైతే మొక్క బలం లాగేస్తాయండి. మీరెప్పుడైనా చెరుకు వేశారా?"

నా ఉపమానం అక్కడే బోర్లా పడింది. అప్పుడాయన అసలు ప్రశ్న వేశారు.

"ఏమీ లేకపోతే ఇన్ని రోజులెందుకు పట్టింది?"

వెనక నుంచి రాంబాబు చెప్పొద్దని కళ్ళతో సైగ చేశాడు. ఈసారి మొహమాటపడలేదు.

"భయం వేసిందండీ," అన్నాను. ఆరో ముక్క మొదటి పలక పెట్టి నల్లటి అంచు చూపించాను. అది క్యాన్సర్‌కి మొదలేమో అనుకున్నానని ఆ మాటే వాడి చెప్పాను. తర్వాత ఒక్కొక్క కోతా వరసగా పెట్టాను. తొమ్మిదోది వచ్చేసరికి ఆయన కన్ను తియ్యకుండా చూస్తున్నారు.

"నలుపు పోయింది."

"పోయింది."

"ఇక్కడిదాకా మీకూ తెలియదా?"

"తెలియదండీ."

"అన్నం తిన్నారా అప్పటిదాకా?"

"సరిగా తినలేదు."

ఆయన కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. "నాదే," అన్నారు. గుమ్మం దగ్గర రాంబాబుతో అనడం వినిపించింది: "పదరా, ఇక్కడెక్కడైనా ఇడ్లీ దొరుకుతుందేమో చూడు. సాంబారు పోయించకు."

మాధవి గారు గ్యాస్ మాత్రలు మాన్పించి, ఏడాది తర్వాత మళ్ళీ గొట్టం వేసి చూశారు. రెండు పాలిప్‌లు మిగిలాయి, చిన్నవే.

అప్పటినుంచి రిటైరయ్యేదాకా, లోతు కోతలు అడిగిన ప్రతిసారీ ఎందుకు అడిగానో ఆ పూటే పంపిన డాక్టరుకి ఫోన్ చేసి చెప్పాను, రోగికీ చెప్పమన్నాను. రెండు కాగితాల కోసం వచ్చినవాళ్ళని గుమ్మంలోనే కుదరదన్నాను. "ఏమీ లేదు" అనడం మానేసి, ఏముందో చెప్పడం అలవాటు చేసుకున్నాను. "ఏమీ లేదు" అన్న మాటను మనం అబద్ధానికి అంతగా వాడేశాం, నిజం చెప్పాల్సి వచ్చినప్పుడు అది పనికిరాలేదు.